మేనమామ పట్టిన తాడు

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. నీటిపారుదల శాఖలో కాలువల మట్టాలు కొలుస్తూ రిటైరయ్యాను. కొలతకు అందనిదాన్ని నమ్మే అలవాటు లేదు. ఈ సంగతి మాత్రం జరిగిన సాయంత్రమే డైరీలో రాసుకున్నాను. ఉన్నదున్నట్టు చెబుతాను.

పోయిన చలికాలం నేనూ, మా బామ్మర్ది రమేషూ స్కూబా డైవింగ్ చేయడానికి అండమాన్ వెళ్ళాం. మైదుకూరులో బస్సెక్కుతుంటే మా ఆవిడ నవ్వింది. “మిద్దె మెట్లెక్కితేనే రొప్పుతాండారు, సముద్రంలోకి దిగుతారంట!”

నాకు బీపీ ఉంది. డాక్టరు పరీక్షలన్నీ చేసి సరేనన్నాడు. తిని దిగాలి, నీళ్ళు బాగా తాగాలి, ఆయాసం వచ్చేదాకా ఈదకూడదు అని మరీ మరీ చెప్పాడు. శిక్షణ పూర్తయ్యేవరకూ అన్నీ పాటించాను. తర్వాత శనివారం వచ్చింది.

శనివారం నాకు ఒక్కపొద్దు. రాత్రి తప్ప తినను. పైగా చిన్నప్పుడు బావిలో ఈతకు ఖాళీ కడుపుతోనే దిగేవాళ్ళం. కాఫీ తాగి పడవెక్కాను.

ఆ ఈత నేర్పింది మా మేనమామ, వేంపల్లె దగ్గర తన చేని బావిలో. నా నడుముకు తాడు కట్టి, రెండో కొస పట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. నేను అలిసిపోయానని నాకన్నా ముందు ఆయనకే తెలిసేది. రెండు చిన్న గుంజులు, ఒక పొడుగు గుంజు. అంటే ఇక ఆగమని. “చాల్లేప్పా, నీళ్ళు యాడికీ పోవు” అనేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ బావీ ఎండిపోయింది.

శిక్షకురాలు ముందు, నేను మధ్యలో, రమేష్ వెనక. నీళ్ళ కింద ఆ రంగులు చూసి నాకు పిచ్చెక్కినంత పనైంది. జీవితమంతా నీటిని పైనుంచి కొలిచినవాణ్ణి, మొదటిసారి ఇంత లోతున దాని లోపల ఉన్నాను! ఇంతలో పెద్ద తాబేలు ఒకటి పక్కనుంచే సాగిపోయింది. మళ్ళీ వస్తామో రామో అనిపించింది. ప్రవాహానికి ఎదురుగా దాని వెంటపడ్డాను.

కాళ్ళు బరువెక్కాయి. ఎంత పీల్చినా గాలి చాలడం లేదు. చూపు అంచుల్లో మసక. అయినా ఆగలేదు.

అప్పుడు నడుం దగ్గర గుంజింది. రెండు చిన్నవి, ఒకటి పొడుగు.

ఆగిపోయాను. కాళ్ళు ఆడించడం మానేశాను. శిక్షకురాలు వెనక్కి వచ్చి, నా గాలి మీటరు చూసి, చెయ్యి పట్టుకుని మెల్లగా పైకి తెచ్చింది. గాలి దాదాపు అడుగంటింది. ఇంకాస్త అలాగే ఈది ఉంటే ప్రాణం మీదికి వచ్చేదని పడవలో ఆమె గట్టిగా మందలించింది. ఏం తిన్నారని అడిగితే కాఫీ ఒక్కటేనని ఒప్పుకున్నాను.

నేను నోరు తెరవకముందే రమేష్ అన్నాడు. “ఏం బావా, నడుం పట్టి ఎవురో ఎనక్కి గుంజినట్ట మూడుసార్లు వంగితివే? తాడేమన్నా తగులుకున్యాదా అని నీ సుట్టూ తిరిగి సూస్తి. ఏమీ లేదు!”

రమేష్‌ది పత్తికొండ. మా మామను ఎన్నడూ చూడలేదు. ఆ గుంజుల సంగతి నేను ఎవరికీ చెప్పిందీ లేదు.

ఆదివారం విశ్రాంతి. సోమవారం ఇడ్లీలు తిని, నీళ్ళు తాగి, తీరుబడిగా దిగాను. తాబేలు తనంతట తనే దగ్గరికి వచ్చింది, చెయ్యి చాపితే అందేంత దగ్గరికి! సంతోషంతో గుండె ఎగిరింది, అయినా ఊపిరి మాత్రం నిదానంగానే సాగింది. సగం మనసు నడుం దగ్గరే పెట్టుకుని ఎదురుచూశాను. ఏమీ కదలలేదు.

అలసటలో నేను భ్రమపడ్డానని సరిపెట్టుకోవచ్చు. కానీ నా భ్రమ రమేష్ కంటికి ఎలా కనపడింది? ఎన్ని విధాల ఆలోచించినా నాకు తెగలేదు. ఈ చలికాలం మళ్ళీ వెళుతున్నాం. శనివారం తప్పించి టికెట్లు తీశాను.