బియ్యం డబ్బాలో గంగారాం కెమెరా

నిన్న పొద్దున ఫోన్ వచ్చినప్పుడు నా చేతిలో తడిగుడ్డ ఉంది.

"పెద్దమ్మా, గంగారాం పోయిండు" అన్నాడు అతని రూమ్‌మేట్ మల్లేశం. రైసూత్‌లో బిల్డింగ్ కడుతున్న సైట్‌లో డ్యూటీ ఎక్కిన గంటకే గుండె ఆగిపోయిందట.

ఏ గంగారాం అని అడిగాను.

ఒమాన్‌లో ఈ సలాలా ఊళ్ళో నాకు తెలిసిన గంగారాం ఒక్కడే. అయినా అడిగాను.

నేను ఓబులమ్మను. కడప మనిషిని. చదువు రాదు. నేను చెబుతుంటే మా వీధిలో ఉండే నర్సు విజయ టైప్ చేస్తోంది. ఒక్క ముక్క కూడా మెత్తబరచొద్దని చెప్పాను.

నిన్నటినుంచి మన తెలుగువాళ్ళ ఈ ఫేస్‌బుక్ గ్రూప్‌లో అందరూ మంచివాడు, మంచివాడు అని పోస్టులు పెడుతున్నారు. బతికుండగా అతణ్ని తిట్టనివాడు మీలో ఎవడు?

ఎందుకు తిట్టారు? ఫొటోలు తీసినందుకు.

మనవాళ్ళకు ఫొటో అంటే ఒకటే. శుక్రవారం ఇస్త్రీ షర్ట్, చలవ కళ్ళద్దాలు, ఎవరిదో కారుకు ఆనుకుని నిలబడటం. అది ఇంటికి పోతుంది.

గంగారాం అడిగినవాళ్ళందరికీ అవీ తీసిచ్చాడు. కానీ అతనికి కావలసింది వేరు. కొబ్బరిబొండాల కొట్టు ముందు జల్లులో తడుస్తూ నిలబడ్డ మనిషి. బస్సులో నోరు తెరిచి నిద్రపోతున్న మేస్త్రీ. ఫుట్‌పాత్ మీద కూర్చుని బూట్లలోంచి సిమెంట్ దులుపుకుంటున్న మల్లేశం.

రెండేళ్ళ కిందట కెమెరా కొనేటప్పుడు నన్ను తోడు తీసుకుపోయాడు. షాపులో పొడుగు లెన్స్ ఉన్న పెద్ద కెమెరా మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంటున్నాడు.

"ఒరే అబ్బీ, పెండ్లిలో ఫొటోలు తీసేవోని మాదిరి ఉండావు. దాన్ని చూస్తానే జనమంతా బిగుసుకుపోతారు. పోలీసోడు యే పేపరోనివి అంటాడు. జేబులో పట్టేది తీసుకో."

"చిన్నదాంట్ల ఏమొస్తది పెద్దమ్మా? దీంట్ల మెగాపిక్సెల్స్ ఎక్కువున్నయి."

"అయ్యి నాకు తెలీవు. నేను చప్పట్లు కొడతా. చేతులు కలిసినప్పుడు నొక్కు."

షాపతను నాలుగు చిన్న కెమెరాలు బయట పెట్టాడు. మొదటిదాంట్లో నా చేతులు అప్పటికే విడిపోయి ఉన్నాయి. బటన్ నొక్కాక అది కాసేపు ఆలోచించుకుని తీస్తోంది. రెండోదాంట్లో చేతులే లేవు, నేను విసుక్కుంటున్న మొహం ఉంది. మూడోదాంట్లో చేతులు కలిసే ఉన్నాయి.

"ఇదే" అన్నాను. "వీధిలో మనిషి నీకోసం ఆగడురా."

నల్లది, సబ్బుబిళ్ళంత. ఫ్లాష్ ఆపించాను. కుయ్యిమనే మోత ఆపించాను.

ఆ రోజునుంచి అది అతని షర్ట్ జేబులోనే ఉండేది. ఇక్కడి వానల నెలల్లో మాత్రం రూమ్ గోడలు కూడా చెమ్మగిల్లి లెన్స్ మసకబారేది. అందుకని ఆ నెలల్లో ఫొటోలు తీసుకోవడం అయ్యాక గుడ్డలో చుట్టి తెచ్చి, నా బియ్యం డబ్బాలో పెట్టిపోయేవాడు. మళ్ళీ శుక్రవారం వచ్చి తీసుకునేవాడు.

ఇప్పుడూ అది అక్కడే ఉంది.

నిన్న మల్లేశం రెండోసారి ఫోన్ చేసింది దానికోసమే.

"సామాన్ల పెట్టె ఇంటికి పంపుతున్నం. కెమెరా ఇయ్యి పెద్దమ్మా. కార్డు ఖాళీ జేసి పెడతం."

"ఖాళీ ఎందుకు చేసేది?"

"మాది పక్క ఊరే గద. ఆయన పెండ్లాం సూస్తే మా ఇంటోల్లకు తెల్వదా? నేను సూపర్‌వైజర్నని చెప్పిన."

మల్లేశం, నీ భయం నాకు తెలియనిది కాదు. అందుకే ఇంకా మండుతోంది.

పోయిన ఏడు నన్ను కూడా తీశాడు. నేను పనిచేసే ఇంటి గేటు బయట, చీర ఎగదోపుకుని, పక్కన బకెట్ పెట్టుకుని మా అర్బాబ్, అంటే ఆ ఇంటి యజమాని, కారు తుడుస్తున్నాను. విదిలించిన గుడ్డలోంచి నీటిచుక్కలు గాలిలో నిలబడ్డాయి. నోరు తెరిచి ఎవరిమీదో అరుస్తున్నాను. అచ్చం నాలాగే ఉన్నాను.

"తుడిపెయ్. నా కండ్లముందరే తుడిపెయ్."

"మంచిగుంది పెద్దమ్మా. నువ్వు ఎంచిన కెమెరానే గద."

"తుడిపేస్తావా, బియ్యం డబ్బాలో నీళ్ళు పోసేదా?"

డిలీట్ చేశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇవాళ పొద్దున విజయ చేత కార్డంతా వెతికించాను. నాకు చెప్పకుండా ఎక్కడైనా దాచుంటాడని ఆశ.

లేదు. మాట తప్పని వెధవ.

కడపలో మావాళ్ళకు నేను పంపిన ఫొటోలో అదే కారుకు ఆనుకుని నిలబడి ఉంటాను. అందులోనే బజారుకు పోతాననుకుంటున్నారు. ఈ గ్రూప్‌లో నా కోడలు ఉంది, మేనల్లుళ్ళు ఉన్నారు. అందరూ చదవండి. ఆ కారు నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. రోజూ పొద్దున తుడుస్తాను. నిన్న ఫోన్ వచ్చినప్పుడు నా చేతిలో ఉన్నది ఆ కారు తుడిచే గుడ్డే.

నాది నేను చెప్పుకున్నాను. ఏమీ కాలేదు.

మల్లేశం, రేపు పెట్టె కట్టేలోపు రా. నా వంటింట్లో కూర్చుని నీ ఫొటో ఒక్కసారి సరిగా చూడు. అప్పటికీ వద్దంటే నీదొక్కటి తుడుచుకో. మిగతావాటి జోలికి పోతే ఊరుకోను. అవి అతని పెండ్లానివి. ఆమె మొగుడు ఈ వీధుల్లో ఏం చూశాడో ఆమె చూడాలి.

పోయిరా గంగారాం.

నువ్వు పోయినచోట ఎవరూ నిన్ను తుడిపెయ్ అనకుండా ఉండాలి. నెమ్మదిగా ఉండు నాయనా.