స్కానులో పడిన మొలతాడు

ఎనభైల నాటి మాట, మేం ఉత్తరాదిలో ఉండేవాళ్లం. మా ఆయన నడుములో ఒక వెన్నుపూస ముందుకు జారింది. జనక్‌పురి నుంచి ఆఫీసు దాకా బస్సులో నిలబడి వెళ్లే మనిషికి, కుర్చీలోంచి లేవాలంటే నా భుజం కావలసి వచ్చింది. డాక్టరు ముందు స్కాను తీయించమన్నాడు. ఎముక గట్టిగా ఉంటే కోసి, కడ్డీ పెట్టి బిగిస్తాడట. గుల్లబారి ఉంటే కడ్డీ నిలవదు, ఇక మంచమే గతి. కోస్తే కాళ్లు పడిపోయే ప్రమాదమూ ఉందని, ఇవాళ బస్సు రాదన్నంత తేలిగ్గా చెప్పాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు అన్నం సయించడం మానేసింది.

స్కాను రోజున మా ఆయన వాచీ, ఉంగరం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లారు. కాసేపటికి మిషను నడిపే అతను విసురుగా బయటికొచ్చాడు.

“బెహన్‌జీ, కమర్ మే క్యా బాంధా హై?”

నడుముకి ఏం కట్టుకున్నాడంటాడు! ఇంకేముంది, వెండి తాయెత్తుతో మొలతాడు. ఒంటిమీద లోహం ఏమైనా ఉందా అని ముందే అడిగితే లేదన్నారట ఈ మహానుభావుడు. పుట్టినప్పటి నుంచీ ఉన్నది ఆయన లెక్కలోకి ఎలా వస్తుంది? బొమ్మలో సరిగ్గా ఎముక కనపడాల్సిన చోట తెల్లటి చారలు పడ్డాయి. మొలతాడు తెంపేయమని అతను నాకు కత్తెర ఇచ్చి లోపలికి పంపాడు.

మా ఆయన బల్లమీద కదలకుండా పడుకుని ఉన్నారు.

“కొత్తది కట్టకుండా పాతది తెంపకూడదే” అన్నారు మెల్లగా.

మగవాడి మొల బోసిగా ఉండేది పాడె మీదే అని మా అత్తగారి మాట. ఇంట్లో అయితే నవ్వేసేదాన్ని. అక్కడ నవ్వలేకపోయాను. కత్తెరతో నా నూలు చీర కొంగు చివర పీలిక కోశాను. “భయ్యా, ఏక్ మినిట్” అని బతిమాలుతూ ఆ పీలిక ఆయన నడుముకి కట్టాకే పాతది కత్తిరించాను. అతను తల పట్టుకున్నాడు.

రెండోసారి తీసిన బొమ్మల్ని డాక్టరు దీపం వెలిగే అద్దానికి తగిలించి చాలాసేపు చూశాడు. ఎముక గట్టిదవ్వాలని మొక్కుకోవాలో, కాకూడదని మొక్కుకోవాలో నాకు తెలియలేదు.

“బోన్ అచ్ఛా హై” అన్నాడు. సోమవారం ఆపరేషనుకి వచ్చి చేరమన్నాడు.

బయటికి రాగానే నేను బెంచీమీద కూలబడి ఏడ్చాను. మా ఆయన గోడ పట్టుకుని నిలబడి నవ్వుతున్నారు.

“ఎముక గట్టిదన్నాడుగా, ఇంకా ఏడుపెందుకే?”

“అందుకే” అన్నాను.