మూడో చెరువు

ఆ రోజుల్లో నా దగ్గర సలహాలకు కొదవ ఉండేది కాదు. ఊరందరికీ పంచినా తరిగేవి కావు, నేను మాత్రం ఒక్కటీ వాడుకునేవాడిని కాదు. ఇరవై రెండేళ్ల వయసు, చేపల పెంపకంలో డిప్లొమా, తాడేపల్లిగూడెం నుంచి రోజూ బండి మీద కొల్లేరు పక్క చెరువులకు తిరిగే ఉద్యోగం. నీళ్లు పరీక్షించడం, చేపలకు జబ్బు చేస్తే ల్యాబుకు పంపడం, అక్కడ రాసిచ్చిన మందు మేతలో ఎలా కలపాలో రైతుకు చెప్పడం నా పని. దానికే అందరూ నన్ను "డాక్టరు గారు" అనేవారు. (మా ఇంట్లో మాత్రం "ఒరే" అనే అనేవారు.) ఆ పిలుపు తలకెక్కి, గట్టు మీద నిలబడితే చాలు, నోరు దానంతటదే ఉపన్యాసం మొదలుపెట్టేది.

నా మాటలు అందరికంటే శ్రద్ధగా వినేది చెరువుల మామ్మగారు. భర్త పోయాక రెండు చెరువులూ ఆవిడే చూసుకునేవారు. ఏడాది తిండీ, మనవరాలి చదువూ ఆ నీళ్లలోనే ఉండేవి. ఆ ఏడు రెండు చెరువుల్లోనూ చేపలకు ఎర్ర మచ్చలొచ్చాయి. ల్యాబు వాళ్లు ఏడు రోజులకు మందు రాశారు. "మూడో రోజుకే చేప మేతకు వచ్చేస్తుందండీ. తగ్గిపోయిందని ఆపారా, చావకుండా మిగిలిన సూక్ష్మజీవులు మొండికేస్తాయి. తర్వాత అదే మందు వేసినా లొంగవు. ఒక పూట మర్చిపోతే మరుపూట రెట్టింపు వేయకూడదు. పక్క చెరువు వాళ్ల దగ్గర మిగిలింది తెచ్చి కలపకూడదు" అని వేళ్లు మడిచి మరీ చెప్పాను. మామ్మగారు అన్నిటికీ తలూపారు. దోనె మీద వెళ్లి చెరువులోని కర్రలకు మేత సంచులు కట్టే బాబాయి (ఎవరికి బాబాయో తెలియదు, అందరికీ బాబాయే) మర్నాటి నుంచి మోటారు షెడ్డు గోడ మీద చెరువుకో వరస పెట్టి, రోజుకో సుద్దగీత గీసే పని నెత్తిన వేసుకున్నాడు.

ఆ సాయంత్రమే గట్టు దిగుతుంటే నత్తగుల్ల నా మడమలో దిగింది. (చెప్పులు బండి మీద పెట్టి చెరువులోకి దిగిన డాక్టరు గారికి ఇంకేం దిగుతుంది.) తెల్లారేసరికి కాలు వాచి, జ్వరం. ఏలూరులో డాక్టరు గారు గాయం కడిగి, ఏడు రోజులకు మాత్రలు రాశారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, భోంచేశాక. "తగ్గిందని మధ్యలో ఆపకు బాబూ. మిగుల్చుకుని దాచుకోకు, ఇంకొకళ్లకు ఇవ్వకు" అన్నారు. అచ్చం నా ఉపన్యాసమే. నాకే చెబుతారేమిటని కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా.

మూడు రోజులకు కాలు మళ్లీ చెప్పులో దూరింది. మిగిలిన ఎనిమిది మాత్రలూ ఎప్పుడైనా పనికొస్తాయని బండి డబ్బాలో పడేశాను. (ఎండకు ఆ డబ్బా మీద అప్పడం కాలేది.) నాలుగో రోజు పొద్దున్నే మామ్మగారి గట్టు మీద గెంతి మరీ చూపించాను. "మాత్రలు ఆపేశానండీ మామ్మగారూ. వయసు రక్తం కదండీ, మూడు రోజులకే లొంగిపోయింది." "అలాగాండీ" అన్నారావిడ. అది మెచ్చుకోలే అనుకుని నేను వేరే ఊళ్ల చెరువులకు వెళ్లిపోయాను.

నాలుగు రోజులు తిరిగి వచ్చేసరికి కాలు మళ్లీ పొంగింది, ఈసారి చీలమండ దాకా. కుంటుకుంటూ మామ్మగారి గట్టెక్కితే, అంచున అయిదారు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. గోడ వైపు చూశాను. రెండు వరసల్లోనూ గీతలు మూడే. "ఏంటండీ, మందు ఆపేశారా?" అన్నాను. "మీరు ఆపారు కదండీ," అన్నారు మామ్మగారు మెల్లగా. "డిప్లొమా చదివిన ఒంటికే మూడు రోజులు చాలినప్పుడు, చదువులేని చేపలకు ఏడు రోజులెందుకని మేమూ ఆపేశామండీ." ఆవిడ వెక్కిరించడం లేదు. నిజంగానే నన్ను నమ్మారు. కాలి నొప్పి కంటే అదే ఎక్కువ బాధపెట్టింది. ఏం చేయాలో తోచక బండి డబ్బా తెరిచి నాలుగు మాత్రలు ఒక్కసారే మింగబోయాను. మామ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆగండాగండి. మర్చిపోయిన మందు రెట్టింపు వేయకూడదని మీరే కదండీ అన్నారు. ఏలూరు పదండి."

బాబాయి నా బండి మీద నన్నే వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. ల్యాబుకని రెండు చేపలు కూడా ఐసు సంచిలో నా ఒళ్లో కూర్చున్నాయి. డాక్టరు గారు కాలు చూశారు, మాత్రలు చూశారు, నన్ను చూశారు, సంచి వైపు మాత్రం చూడలేదు. ఆ ఎనిమిదీ తన బల్ల మీద పెట్టించుకుని, చీము పరీక్షకు పంపి, వేరే మందు రాశారు. ల్యాబు వాళ్లూ పరీక్ష చేసి చెరువులకు కోర్సు మళ్లీ మొదటి నుంచి అన్నారు. ఎవరికైనా ఏడు రోజులే.

మర్నాడు షెడ్డు గోడ మీద మూడు వరసలున్నాయి. పెద్ద చెరువు, చిన్న చెరువు, వాటి కింద మూడో చెరువు. మూడో చెరువంటే నేనే. రోజూ పొద్దున్నే వచ్చి, మామ్మగారు పెట్టిన ఇడ్లీ తిని, ఆవిడ కళ్లముందు మాత్ర వేసుకుంటేనే గీత పడేది. రాత్రి మాత్రకు ఫోను వచ్చేది. ("వేసుకున్నానండీ." "తినేశాకే కదండీ?") బాబాయి చెరువు మధ్యలో దోనె మీద నిలబడి, "మూడో చెరువుకి మందు పడిందాండీ" అని కేకేసేవాడు. "పడిందండీ" అని చుట్టుపక్కల గట్లన్నీ పలికేవి. ఒక రోజు మేత అమ్మడానికి వచ్చిన కొత్తాయన నోటుపుస్తకం తీసి, "మూడోది ఎన్నెకరాలండీ?" అని అడిగాడు. మామ్మగారు నన్ను ఎగాదిగా చూసి, "ఎకరాల్లో చెప్పలేమండీ. యాభై ఐదు కేజీలుంటుంది" అన్నారు.

ఏడేసి గీతలూ పడ్డాయి. నా కాలు మానింది. కొన్ని చేపలు పోయినా చెరువులు నిలబడ్డాయి. చేపల ఒంట్లోంచి మందు పూర్తిగా పోయేదాకా ఆగి, అప్పుడే వలలేసి పట్టుబడి పెట్టారు. ఆ రోజు వల లాగుతూ బాబాయి, "రెండు చెరువులూ అయిపోయాయండీ. మూడోది కూడా పట్టుబడికొచ్చింది, ఎక్కడైనా సంబంధం చూడమంటారా?" అన్నాడు. గట్టంతా నవ్వారు, నేనూ నవ్వాను. (ఇంకేం చేస్తాను.) తర్వాతి ఏడు షెడ్డుకు సున్నం వేయిస్తూ, ఆ గోడ ముక్క ఒక్కటీ వదిలేయమన్నారట మామ్మగారు.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ షెడ్డూ లేదు. మొన్నామధ్య చిగురు వాచి వెళితే పంటి డాక్టరు ఐదు రోజులకు మాత్రలు రాశాడు. మూడో రోజుకు నొప్పి పోయింది. చెయ్యి పాత అలవాటు కొద్దీ మాత్రల అట్టను అల్మారా మీదకు తోసేసి, మళ్లీ తనే సిగ్గుపడి కిందికి తెచ్చింది. వంటింటి గోడ మీద పెన్సిలుతో మూడు గీతలు గీశాను. "పిల్లలు గీస్తే తిడతారు, మీరేమిటండీ ఇది?" అంది మా ఆవిడ. చెరువు లెక్కలే అన్నాను. నలభై దాటింది, నా ఒళ్లు ఇప్పుడు ఎకరాల్లో చెప్పినా తప్పులేదు. మాత్ర చేతిలో పెట్టుకుని ఒక్క క్షణం ఆగాను. ఎవరైనా అడిగితే బాగుండుననిపించింది. అడిగేవాళ్లు లేరు కనుక మాత్ర వేసుకుని, ఖాళీ గ్లాసు కింద పెట్టి, "పడిందండీ" అని నేనే మెల్లగా చెప్పుకున్నాను.