భయం ముద్దలు

మా పిన్నికి ఒక్కటే జబ్బు. ఎదుటివాళ్ల భయాన్ని చేత్తో పట్టుకుని చూస్తేగానీ నమ్మదు. గోదాములో కాటా దగ్గర ఉద్యోగం చేసి చేసి, తూకానికి లొంగనిది లోకంలో ఏదీ లేదని ఆవిడ గట్టి నమ్మకం. ఆవిడ ముందు "భయంగా ఉంది" అని నోరు జారితే అంతే సంగతులు. నూనె డబ్బాడు బంకమట్టి మన ముందుకు వచ్చేస్తుంది.

"నోటితో కాదు, మట్టితో చెప్పు. ఎంత భయం? తియ్!"

ఎంత భయముంటే అంత మట్టి తీసి ముద్ద చెయ్యాలి. ఆవిడ దాన్ని తూచి, చీపురుపుల్లకి చీటీ అంటించి గుచ్చుతుంది. గండం గడిచాక మళ్లీ పిలిచి, "నిజానికి ఎంత భయపడాల్సింది?" అని రెండో ముద్ద చేయించి మొదటిదాని పక్కన పెడుతుంది. వేరే ఇళ్లలో బొమ్మలు పెట్టుకునే అద్దాల బీరువాలో, పిన్ని ఇంట్లో మా అందరి పిరికితనం కొలువుతీరి ఉండేది.

బాబాయి పరువు పోయింది ఆ బీరువాలోనే. "బల్లి: మావారు" అన్న ముద్ద కొబ్బరికాయంత. ఒకసారి ఆయన ఆఫీసరు ఇంటికొచ్చి, "ఆఫీసరు: మావారు" అన్న చీటీ కింద గుమ్మడికాయంత ముద్ద చూసి మీసం సవరించుకున్నాడు. అంతలో దాని పక్కనున్న మిరియపు గింజంత ముద్ద కంటబడింది.

"ఇదేమిటమ్మా?"

"మీతో ఒకసారి మాట్లాడాక మిగిలిందండీ."

బాబాయి టీ కప్పు వెనక దాక్కోవాలని చూడటం నేను కళ్లారా చూశాను. ఆఫీసరు వెళ్లాక, "ఆ చీటీలైనా పీకెయ్యవే," అని బతిమాలాడు.

"చీటీ లేకపోతే ఉత్త మట్టి. దేని భయమో తెలియొద్దూ?" అంది పిన్ని.

పగలబడి నవ్వాను గానీ, నా వంతూ వచ్చింది. గొంతులో గడ్డ, ఆపరేషన్ తప్పదన్నారు. నేను బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెప్పే మనిషిని. గొంతు పోతే నాకింకేం మిగులుతుంది? తిండి సయించేది కాదు. పలకరించడానికి ఎవరొచ్చినా ఆఖరి చూపులకు వచ్చినట్టే ఉండేది.

ఆసుపత్రి గదిలోకి డబ్బాతో సహా దిగింది పిన్ని.

"నాకేం భయం లేదు," అన్నాను దుప్పటి గడ్డం దాకా లాక్కుంటూ.

"నోటితో కాదు."

డబ్బా అడుగు గీకి మరీ తీశాను. "చాల్లేదు పిన్నీ."

"ఉన్నదింతే, సర్దుకో!" అని కసిరింది. ఎప్పుడూ నిండుగా ఉండే డబ్బా ఆ వేళ సగమే ఉంది. ఎందుకని అడిగే ఓపిక నాకు లేదు.

"చీటీ మీద ఏం రాయను?"

"ఆపరేషన్ అని రాయి."

"అలా గంపగుత్తగా కుదరదు. నొప్పికెంత? మత్తులోంచి లేవవేమోనని ఎంత? విడదియ్."

నొప్పి నిమ్మకాయంత, మత్తు ఉసిరికాయంత తేలాయి. మిగిలిందంతా గొంతుదే. పిన్ని ఆ ముద్దని చంకనెత్తుకుని డాక్టరు గదికి నడిచింది, వెనకే నేను.

"గొంతు పోతుందేమోనని మా పిల్ల భయం ఇంతండీ. మీ లెక్కలో ఎంత ఉండాలో గిల్లి చూపించండి."

డాక్టరు అప్పుడే చేతులు కడుక్కుని వచ్చాడు పాపం. మట్టినీ పిన్నినీ మార్చి మార్చి చూశాడు. గడ్డ గొంతు నరానికి ఎడంగానే ఉందని చెప్పి, రేగుపండంత గిల్లి నా చేతిలో పెట్టాడు. "ప్రమాదం అసలే లేదని మాత్రం అనను," అన్నాడు. థియేటరు గుమ్మం దాకా దాన్ని గుప్పిట్లోనే పట్టుకున్నాను. అక్కడ నర్సు లాగేసుకుంది.

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు మాట్లాడొద్దన్నారు. మాట్లాడొచ్చన్న రోజున నాకే నోరు విప్పాలంటే భయం. రాకపోతే? ఆ భయంతోనే పిన్ని ఇంటికెళ్లి బీరువా తెరిచాను. నా ముద్ద వెనకాల గుడ్డ కప్పి ఇంకేదో ఉంది. గుడ్డ తీస్తే బిందెంత ముద్ద, నా దానికంటే పెద్దది. చీటీ మీద "పిల్ల గొంతు: నేను" అని ఉంది. డబ్బాలో సగం మట్టి ఎటుపోయిందో అప్పుడు తెలిసింది.

వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది పిన్ని. "అది నాది కాదే! నాకేం భయం?"

"నోటితో కాదు," అన్నాను. "మట్టితో చెప్పు."

బొంగురుగానే అయినా గొంతు వచ్చింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుని, పెద్ద ముద్దలోంచి ఆవగింజంత గిల్లి పక్కన పెట్టింది.

"ఇంకా ఈ కాస్త దేనికి పిన్నీ?"

"ఇకనుంచి ఆగకుండా వాగుతావుగా, దానికి," అంటూ చీటీ రాయడానికి కలం వెతుక్కుంది.