సాఫ్ చేసిన ముఖం

అశోక్‌నగర్‌లో మా ఫొటో దుకాణానికి వచ్చే పిల్లలందరికీ కావలసింది ఒకటే ముఖం, దరఖాస్తు ముఖం. వెనక తెల్లగా ఉండాలి, చెవులు రెండూ కనబడాలి, పళ్లు కనబడకూడదు. నేనూ మొదట అందుకే ఆ దుకాణం మెట్లెక్కాను. గ్రూప్స్ మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాక, తిరిగి ఊరికి పోయి ముఖం చూపించే ధైర్యం లేక, హాస్టల్ కిందే ఉన్న ఆ దుకాణంలో పనికి కుదిరాను. ఉద్యోగాలకు ఫొటోలు దిగేదాన్ని, ఉద్యోగాలకు ఫొటోలు తీసేదాన్నయ్యాను.

దుకాణం నడిపే అన్న నాకు నేర్పిన మొదటి మాట ‘సాఫ్’. మొటిమలు, మచ్చలు, కళ్ల కింద నలుపు, మూతి కాస్త పక్కకుంటే ఆ వంకర, అన్నీ కంప్యూటర్‌లో తీసేయడాన్ని అన్న సాఫ్ చేయడం అంటాడు. సాఫ్ చేసినదాన్ని పాతదాని మీదే సేవ్ చేయాలి. రెండూ ఉంచితే రద్దీలో ఎవరికి ఏది ఇచ్చామో తెలియదు. సాయంత్రం మెమరీ కార్డు కూడా ఖాళీ చేసేయాలి. రోజుకు వంద ముఖాలు వచ్చే చోట ఎవరి అసలు ముఖాన్నీ దాచుకోం.

రెండేళ్ల కిందట ఒక ఉదయం నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ వచ్చింది. ఇంటికొచ్చి ఫొటో తీస్తారా, మా ఆయన మెట్లు దిగలేడు అని అడిగింది. ఆయన పేరు చెప్పగానే నాకు సిగ్గేసింది. కోచింగ్‌లో ఒక టెస్టులో ఆయన మీద ప్రశ్న వస్తే, అంత పెద్ద చిత్రకారుణ్ని పట్టుకుని శిల్పి అని గుర్తు పెట్టొచ్చాను. ఆయన బొమ్మలన్నీ కలిపి పుస్తకం వేస్తున్నారట, చివరి పేజీకి ఆయన ఫొటో కావాలట. ఆ రోజు ఏదో దరఖాస్తుకు ఆఖరు తేదీ. అన్న దుకాణం వదిలి కదల్లేక నన్ను పొమ్మన్నాడు. తెల్ల గోడ ముందు స్టూలు మీద కూర్చున్న మనిషిని తప్ప నేను ఎవర్నీ తీసి ఎరగను. ఆ మాట మాత్రం ఆవిడకు చెప్పలేదు.

చిక్కడపల్లిలో కూరగాయల మార్కెట్ వెనక సందు, మూడో అంతస్తు. బొమ్మలు వేసే గదిలో టర్పెంటైన్ వాసన ఇంకా ఉంది కానీ రంగులు ఎండి చాలాకాలమైంది. అంతకు పది నెలల ముందు పక్షవాతం వచ్చి ఆయనకు కుడి చెయ్యి పడిపోయింది. మూతి కుడివైపు కిందికి జారింది, ఆ పక్క కన్ను సగమే మూతపడుతోంది. కూర్చోబెట్టగానే నేను బీరువా మీదున్న తెల్ల దుప్పటి ఆయన వెనక కట్టబోయాను. గడ్డం కొంచెం పైకి, చెవులు రెండూ కనబడాలి సార్ అన్నాను. నేను ఏ పరీక్షా రాస్తలేను బిడ్డా అని ఆయన నవ్వారు. నవ్వు ఒక పక్కే వచ్చింది.

దుప్పటి తీసేయించి, గోడకు ఆనించి ఉన్న ఒక కాన్వాసు గుడ్డ చూపించారు. అద్దం ముందు కూర్చుని తన ముఖం తానే ఎడమ చేత్తో వేసుకోబోయారట. ముక్కు దగ్గరే ఆగిపోయింది. ఆయన మాటలు ముద్దగా వస్తున్నాయి, అయినా ఒక్కో మాటా పట్టి పట్టి చెప్పారు.

“నలభై ఏండ్లు అందరి ముఖాలు ఏసిన. నాది ఏద్దామంటే చెయ్యి లేదు. నువ్వు తియ్యి. ఉన్నది ఉన్నట్టు రావాలె, వంకరుంటే వంకరనే. పుస్తకంల ఆఖరికి అదే ఉండాలె.”

అట్లనే సార్ అన్నాను.

గంటసేపు తీశాను. కిటికీలోంచి వచ్చే ఎండ కోసం కుర్చీ నాలుగుసార్లు జరిపాను. చాలావరకు చెత్త ఫొటోలే. ఒకసారి మాత్రం ఆయన నన్ను మరిచిపోయి, ఒళ్లో పడి ఉన్న కుడిచేతి వంక చూసుకున్నారు. అప్పుడు నొక్కాను. జారిన మూతి, మూతపడని కన్ను, అన్నీ వచ్చాయి. కెమెరా వెనక తెర మీద అది చూస్తే నాకు భయమేసింది, మంచి ఫొటో అని కూడా తెలిసింది.

దుకాణానికి వచ్చేసరికి మెట్ల దాకా వరస. సర్వర్ పడిపోతదంట అక్కా, జల్దీ అక్కా అని అందరూ పరేషాన్. ముఖం వెనక ముఖం సాఫ్ చేస్తూ పోయాను. వాటి మధ్యలోనే ఆయన ఫొటో తెరిచాను. మూతి పైకెత్తాను, కన్ను సరిచేశాను, పాతదాని మీదే సేవ్ చేసి ప్రింట్ తీశాను. సాయంత్రం కార్డు ఖాళీ చేశాను. అలవాటులో పొరపాటు అని తప్పించుకోవచ్చు. కానీ మూతి ఎత్తుతున్నప్పుడు ఎవరి ముఖమో నాకు తెలుసు. పెద్దాయనకు మేలు చేస్తున్నాననుకున్నాను. ఆ ముఖాన్ని మళ్లీ చూడాలని నాకు అనిపించలేదు కూడా.

మర్నాడు ప్రింట్ ఇస్తే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ముందటి లెక్కనే ఉన్నడు అంది. ఆయన మాత్రం చాలాసేపు చూశారు.

“ఈయన పోయి పది నెలలాయె,” అన్నారు. “నాది ఏది?”

కంప్యూటర్‌లో ఉంది సార్, రేపు తెస్తాను అన్నాను.

మూడు వారాలు ఆ సందు ఛాయలకు పోలేదు. నారాయణగూడ నుంచి వచ్చేటప్పుడు కూడా చుట్టు తిరిగి వచ్చేదాన్ని. చివరికి నా మీద నాకే అసహ్యం వేసి, కెమెరా తీసుకుని వెళ్లాను. ముందు గదిలో గోడకు ఆ సాఫ్ చేసిన ఫొటో ఫ్రేము కట్టి ఉంది. వచ్చినవాళ్లందరూ అది చూసి బాగున్నారంటున్నారని, పుస్తకానికీ అదే పంపేశామని ఆవిడ సంతోషంగా చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది. ఎవరొచ్చినా ఆయన తువ్వాలుతో మూతి కప్పుకుంటున్నారట. గదిలో అద్దం కూడా తీయించేశారట.

నన్ను చూసి కూడా తువ్వాలు తీయలేదు. నేను జరిగిందంతా చెప్పాను. అసలుది లేదని, తుడిచేసింది నేనేనని, అబద్ధం చెప్పానని. ఇంకొక్క ఫొటో సార్, మీరు చెప్పినట్టే తీస్తాను, దేన్నీ ముట్టుకోను అని బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపారు. తువ్వాలు వెనకనుంచి మాట సరిగా వినిపించక నేను దగ్గరగా వంగాను.

“ఇంట్లోళ్లు నన్ను చూడలేరు, వాళ్లకు బాధ. నువ్వు బయటిదానివి. గంటసేపు చూసినవ్ బిడ్డా. నీకు గూడ చూడబుద్ధి గాలేదు.”

కాదు సార్ అందామని నోరు తెరిచాను. ఆయన నా కళ్లలోకే చూస్తున్నారు. నేను కెమెరాకు మూత పెట్టేశాను.