ఏడో విమానంలో స్క్రూ

రైల్వేలో బ్రేకులు తనిఖీ చేసే బోహుమిల్‌కి సొంత విమానం కోసం ఇది ఏడో బేరం. తను కొనే రెండు సీట్ల విమానం పల్టీలూ కొట్టాలి, వేసవిలో తననీ భార్యనీ క్రొయేషియా సముద్రానికీ తీసుకెళ్లాలి. ఆమె ప్రయాణపు పెట్టె సీటు వెనక పడుతుందో లేదో పెట్టి చూసుకుని, దించేసి, అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“పెళ్లికూతుర్ని కూడా ఇన్నిసార్లు చూడరు, ఇంజనీరు గారూ!” అన్నాడు అమ్మకందారు రదోవాన్.

“పెళ్లికూతురు నడిగాల్లో ఆగిపోదు కదయ్యా!”

రదోవాన్‌ని రెండో సీట్లో కూర్చోబెట్టుకుని, వెయ్యి మీటర్ల ఎత్తున బోహుమిల్ విమానాన్ని తలకిందులు చేశాడు. అడుగున దాగినవన్నీ అప్పుడే బయటపడతాయి. దుమ్ము రాలింది, పైఅద్దం మీద చిన్న స్క్రూ టక్కుమంది. తిరిగి నిటారుగా తిప్పితే అది అడుగున పడి, నడిపే కర్ర మొదట్లో ఇరుక్కోవచ్చు.

“కర్ర కదలనీయకు!” అని దాన్ని రదోవాన్‌కి అప్పజెప్పాడు.

తలకిందులుగా వేలాడుతూనే చెమటతో తడిసిన వేళ్లతో స్క్రూని రెండుసార్లు జార్చుకుని, మూడోసారి పట్టుకున్నాడు.

దిగాక రదోవాన్‌ని అడిగాడు: “ఇదెక్కడిది?”

జవాబు కోసం ఆగకుండా బోహుమిల్ స్క్రూ అతని చేతిలో పెట్టి, పెట్టె కారులో వేసుకున్నాడు. ఎనిమిదోది శనివారం.