గుడి లేవని పేజీ

ఆ మధ్య ఒక ఆదివారం మా మనవరాలు తన ట్యాబు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, విశాఖపట్నం గాథలన్నీ ఇందులో ఉన్నాయనీ, వేలితో తాకితే బొమ్మలు లేచి కదులుతాయనీ చూపించింది. సింహాచలం కొండ లేచింది, రేవు పక్క కొండ మీది దర్గా లేచింది, సముద్రంలో మునిగిపోయిందని మనవాళ్ళు చెప్పుకునే వైశాఖేశ్వరుని గుడి అయితే నీళ్ళు చిమ్ముకుంటూ, వాద్యాల హోరుతో సహా పైకి వచ్చేసింది. పిల్ల ముచ్చటపడింది, ఆ ముచ్చటను నేనూ కాదనను. కానీ మన నగరపు గాథలతో ఇటువంటి ప్రయత్నం ఇదే మొట్టమొదటిదని తెర మీద రాసి ఉన్న వాక్యం నన్ను ఆ పూటంతా కుదురుగా కూర్చోనివ్వలేదు. చేసిన ప్రతి పనికీ తేదీ వేసి కాగితం దాచుకునే అలవాటున్నవాణ్ణి కనుక, ఆ తప్పు దిద్దమని సంబంధించిన వారికి మర్యాదగానే ఒక ఉత్తరం రాశాను. జవాబు లేదు. వాళ్ళు వినకపోతే మానె, వన్‌టౌన్ వీధులు ఎరిగిన నా ఈడువారికైనా ఈ సంగతి చెప్పుకోవాలి.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. ఉక్కు కర్మాగారం పనులు సాగుతూ, గాజువాక దారి పొడుగునా లారీలు దుమ్ము రేపుతూ, ఎక్కడెక్కడి కుటుంబాలో మా ఊరికి వచ్చి చేరుతున్న రోజులు. నేను వన్‌టౌన్‌లో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి; మా పిన్ని, అంటే అమ్మకు చెల్లెలు, ఆడపిల్లల బడిలో డ్రాయింగు పాఠాలు చెప్పేది. నేను ఆమె ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద మామిడిపండూ, కూజా, కొబ్బరిచెట్టూ గీసి గీసి ఆమెకు విసుగు పుట్టింది. పైగా తరగతిలో కొత్తగా చేరిన పిల్లల్లో సగం మందికి ఈ ఊరి కథ ఒక్కటీ తెలియదు. కనుక తెరవగానే బొమ్మలు లేచి నిలబడే పుస్తకం, పిల్లలు పట్టీ లాగితే ఓడ కదిలే పుస్తకం ఒకటి ఈ ఊరి గాథలతో తయారుచేసి, తన పేరున ఒక్క పనైనా మిగుల్చుకోవాలని ఆమె కోరుకుంది. మాటలు నేను రాయాలి, బొమ్మలు ఆమె గీయాలి.

కాగితాన్ని లేపి నిలబెట్టే విద్య మా ఇద్దరికీ రాదు. ఆ భారం మా పక్కింటి బైండింగు సాయిబు గారి మీద పడింది. ఆయన ఏడాది పొడుగునా పుస్తకాలు కుట్టేవారు, మొహర్రం నెల వచ్చిందంటే వెదురుబద్దలతో, రంగుకాగితాలతో ఊరేగింపుకు తాజియా, అంటే ఇమాము గోరీ నమూనా, కట్టేవారు. ఆదివారాలు మా వసారాలో చాప పరచుకుని, మైదా జిగురు గిన్నె మధ్యలో పెట్టుకుని, ముగ్గురం అట్టలు కోసేవాళ్ళం. మొదటి గుడి సగం లేచి ఒక పక్కకు వాలిపోయినప్పుడు, “పంతులమ్మగారూ, మీ గుడికి నడుం పట్టేసిందండీ, కొంచెం అమృతాంజనం రాయండి” అని ఆయన నవ్వించిన నవ్వు ఇంకా నా చెవిలో ఉంది. దర్గా పేజీలో పట్టీ లాగితే ఓడ రేవులోకి వస్తూ దీపాలు చూపి కొండకు సలాము చేసేది. సింహాద్రి అప్పన్న పేజీలో గంధపు రంగు పొరలు ఒకటొకటిగా విచ్చుకునేవి. అయితే చివరి పొర మాత్రం పిన్ని గట్టిగా అంటించేసింది. ఏడాదికి ఒక్క రోజు తప్ప నిజరూపం చూపని స్వామిని తన పుస్తకంలో రోజూ చూపించడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

అన్నిటికంటే ఘనమైనది మునిగిన గుడి పేజీ. నీలం కాగితం అలలు తెరవగానే గోపురంతో, అరుగులతో గుడి మొత్తం జానెడెత్తు లేచేది. మా ప్రెస్సు యజమాని దాన్ని చూసి కుర్చీలోంచి లేచి, ఈ ఒక్క పేజీ కోసమే పుస్తకం వేస్తాననీ, వేసవి సెలవుల లోపల అంతా సిద్ధం చేయమనీ మాట ఇచ్చాడు. ఆ సాయంత్రం పిన్ని ముఖంలో చూసిన వెలుగు అంతకుముందు నేను ఎన్నడూ చూడలేదు.

ఆ గుడి కథ పిన్నికి చెప్పినది మా ఇంటికి చేపలు తెచ్చే జాలరి ఆమె. ఎండవేళ గంప దించి మా గుమ్మంలో కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, వీధి కబుర్లన్నీ చెప్పి వెళ్ళేది. ఆమె పెనిమిటి ఎన్నో ఏళ్ళ క్రితం వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ సంగతి మాకు తెలుసు. అచ్చుకు వెళ్ళే ముందు కథ ఇచ్చిన మనిషికి చూపించాలని, ముగ్గురం చాప మీద ఉన్న ఒక ఆదివారం పిన్ని ఉత్సాహంగా ఆ పేజీ తెరిచింది. గుడి లేచింది. చేపలామె రెండు చేతులూ జోడించింది. పిన్ని పేజీ మూసింది. జోడించిన చేతులు విడిపోయాయి.

“ఏటమ్మా ఇది? మూసీసరికి మల్లీ ములిగిపోనాదా?”

మళ్ళీ తెరిస్తే మళ్ళీ లేస్తుంది కదే అంది పిన్ని.

“పిల్లగుంటలు రోజుకెన్నిపాల్లు తీత్తారు, ఎన్నిపాల్లు ముంచుతారు? ఆ గుడి అరుగు మీద మా గుంటడి అయ్య కూకున్నాడమ్మా. యాటకెల్లి రానోల్లందరూ ఆడే కూకుంతారు. ఒకపాలి ములిగినోడ్ని ఇంకెన్నిపాల్లు ముంచుతావు?”

సాయిబు గారు వాతావరణం తేలికచేద్దామని, అది కాగితం గుడే కదమ్మా అన్నారు. ఆమె చటుక్కున ఆయన వైపు తిరిగింది.

“నీ తాజియా కాగితం కాదేటి సాయిబూ? దాని ముందల సెప్పులిడిసి నిలబడవేటి?”

ఆయన తల వంచుకుని జిగురు కలపసాగారు. ఆమె గంప ఎత్తుకుంటూ, ఈసారి మెల్లగా, పిన్నితో అంది: “అప్పన్నకి గంధం తియ్యనేదు కదమ్మా నువ్వు. ఆడ నీ సెయ్యి ఆగింది. మా సాంబయ్య సామి కాడికొచ్చీసరికి ఆగనేదేటి?”

ఆమె వెళ్ళిపోయాక నేను ఆవేశపడ్డాను. గాథ ఊరందరిదీ గాని ఒకరి సొత్తు కాదనీ, ఒక్కరి బాధ కోసం అచ్చు కావలసిన పుస్తకాన్ని ఆపుకోవడం అన్యాయమనీ నేను వాదిస్తూనే ఉన్నాను.  మర్నాడు పిన్ని బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే చాప దగ్గర కూర్చుని, గుడిని జాగ్రత్తగా పేజీ నుంచి ఊడదీసింది. గుడి లేవకూడదు, మడతపడకూడదు, అయినా పిల్లలకు కనబడాలి, ఎలాగ అని సాయిబు గారిని అడిగింది.

ఆయన పుస్తకం వెనుక అట్టనే మందంగా కట్టి అందులో గూడు తొలిచారు. గుడి ఆ గూడు అడుగున కదలకుండా నిలిచింది. దాని మీద నీలం కాగితాలు పొరలు పొరలుగా అలల్లా పరచి, పట్టీ లాగితే అవి అటూ ఇటూ జరిగేలా అమర్చారు. పిల్లలు వంగి లోపలికి చూడాలి. పట్టీ వదిలితే సముద్రం మెల్లగా కప్పుకుంటుంది. గుడి అరుగు మీద, వీపు మనవైపు పెట్టి, తెల్ల తలపాగా చుట్టి, వల భుజాన వేసుకుని కూర్చున్న వేలిగోరంత మనిషిని పిన్ని గీసింది.

ప్రెస్సు యజమాని ఆ పేజీని అటూ ఇటూ తిప్పి చూసి, గుడి లేవనప్పుడు ఇది ఒట్టి నీలం కాగితమేననీ, గూళ్ళు తొలిచే అట్టలు తన వల్ల కావనీ, పాత పేజీ పెడితేనే వేస్తాననీ తేల్చేశాడు. పాత పేజీ చింపేశానని పిన్ని చెప్పింది. అది అబద్ధం కాదు. ఊడదీసిన రోజునే చింపింది. తిరిగి వచ్చే దారిలో ఆమె పూర్ణా మార్కెట్టులో వంకాయలు బేరమాడింది గాని, పుస్తకం మాట ఎత్తలేదు.

తరువాత వచ్చిన ఆదివారం ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని, రంగులపెట్టెతో సహా నన్ను వెంటబెట్టుకుని జాలరిపేటకు వెళ్ళింది. చేపలామె గుమ్మంలో వల చిక్కులు తీస్తోంది. మమ్మల్ని చూసి కూడా పని ఆపలేదు. పిన్ని పుస్తకం ఆమె ముందు పెట్టి పట్టీ చూపించింది. ఆమె చెయ్యి చీర కుచ్చిళ్ళకు తుడుచుకుని, పట్టీని మెల్లగా లాగి, నీళ్ళు జరిగాక లోపలికి వంగి చాలాసేపు చూసింది. 

“తలపాగా తెల్లది కాదమ్మా,” అంది చివరికి. “ఎర్ర రుమాలు కట్టీవోడు.”

పిన్ని అక్కడే, ఆ మట్టిలోనే కూర్చుని, సన్నకుంచె నోటితో తడిపి ఆ తలపాగాను ఎర్రగా దిద్దింది. రంగు ఆరేదాకా చేపలామె పట్టీని వదలలేదు. ఆరిన తరువాత, నిద్రపోతున్నవాళ్ళ గది తలుపు దగ్గరవేసినట్టుగా, చప్పుడు కాకుండా నీళ్ళను కప్పింది.

ఆ వేసవిలో మేము ముగ్గురం చేత్తోనే చేయగలిగినన్ని ప్రతులు చేశాం. కొన్ని బడికి వెళ్ళాయి, ఒకటి జాలరిపేటలో ఉండిపోయింది. ప్రతి దానిలోనూ పిన్ని ఎర్ర తలపాగానే వేసింది. పిల్లల చేతుల్లో పట్టీలు తెగి, అట్టలు విడిపోయి, అవన్నీ ఒకటొకటిగా పోయాయి. చేసినవారిలోనూ నేనొక్కణ్ణే మిగిలాను.

ఆ జాలరిపేట ఒడ్డు వెంబడి ఇప్పుడు నున్నని బాట వేసి, సిమెంటు బల్లలు కట్టి, విద్యుద్దీపాలు పెట్టారు. సాయంత్రం పూట నేనూ వెళ్ళి ఒక బల్ల మీద కూర్చుంటాను. వేరుశనగకాయలు తింటూ, ఫొటోలు తీసుకుంటూ ఎంతమందో సముద్రం వైపు చూస్తూ ఉంటారు. వారిలో ఆ నీటి అడుగున, ఒక అరుగు మీద, ఎర్ర రుమాలు కట్టుకున్న మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడని ఎరిగినవారు నాకు తెలిసి ఇంకెవ్వరూ లేరు.